వచ్చి ఏలినవారు, వచ్చి నిలిచినవారు



ఒట్టన్‌చత్రం కూరగాయల సంతలో గాని, పళని వెళ్ళే బస్సులో గాని ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటూంటే పక్కవారు అడిగే ప్రశ్న ఒకటుంది. "మీవాళ్ళు ఇక్కడికి ఎప్పుడు వచ్చారు?" అని. అడిగేవారిలో చాలామందికి చెడ్డ తలంపు ఉండదు. అయినా మనవాళ్ళు ఇచ్చే జవాబులు రెండే రకాలుగా ఉంటాయి. కొందరు రొమ్ము విరుచుకుని "మేము ఈ సీమను ఏలినవాళ్ళం" అంటారు. మరికొందరు తల దించుకుని మాటను అరవంలోకి మార్చేస్తారు. ఈ రెండు జవాబులలోనూ చరిత్ర సగమే ఉంది. మిగిలిన సగం ఏమిటో ఈ ప్రసంగంలో మీతో కలిసి ఆలోచించాలని నా కోరిక.

ఎక్కడినుంచో వచ్చి, ఒకచోట కోటలు కట్టి, రాజ్యం నిలబెట్టినవారి కథ లోకంలో మనదొక్కటే కాదు. పక్కన ఇంకొక కథ పెట్టి చూస్తే మన కథ మనకు బాగా అర్థమవుతుంది. అందుకని ముందు మిమ్మల్ని కాస్త దూరం, పాలస్తీనా దేశానికి తీసుకువెళతాను.

1095లో పోపు రెండవ అర్బన్ ఫ్రాన్సులోని క్లెర్మాంట్ నగరంలో చేసిన ప్రబోధంతో మొదటి శిలువ యుద్ధం, అంటే మొదటి క్రూసేడు, మొదలైంది. 1099 జూలైలో ఐరోపా సైన్యాలు జెరూసలేం నగరాన్ని పట్టుకున్నాయి. ఆనాడు ఆ వీధులలో జరిగిన ఊచకోతను ఆ పక్షం చరిత్రకారులే రాసిపెట్టారు. మొదటి నాయకుడు గాడ్‌ఫ్రే రాజు అనే బిరుదు పుచ్చుకోలేదు. అతని తమ్ముడు బాల్డ్విన్ 1100 క్రిస్మస్ నాడు బెత్లెహేములో కిరీటం ధరించాడు. అప్పటినుంచి జెరూసలేం ఒక రాజ్యమైంది. ఎడెస్సా, అంటియోక్, ట్రిపోలీ అనే మరి మూడు రాజ్యాలు కూడా ఆ ప్రాంతంలోనే ఏర్పడ్డాయి.

నగరం చేతికి వచ్చాక యుద్ధానికి వచ్చినవారిలో ఎక్కువమంది మొక్కు తీరిందని ఇంటిదారి పట్టారు. మిగిలినవారు కొద్దిమంది. చుట్టూ ఉన్న జనం వేరు, భాష వేరు, మతం వేరు. అటువంటప్పుడు రాజ్యం నిలిపేది ఎట్లా? రాజు భూమిని సామంతులకు పంచాడు. ప్రతి సామంతుడూ తన కోట తాను కాచుకోవాలి. పిలుపు వస్తే ఇన్ని గుర్రాలతో రావాలని లెక్క ఉంటుంది. పెద్ద విషయాలు తేల్చడానికి సామంతుల సభ ఉండేది. దానికి ఉన్నత సభ అని పేరు. రాజు ఎంతటివాడైనా ఆ సభ మాట కాదని చాలాదూరం పోలేడు.

ఇక మన సీమకు వద్దాం. విజయనగర ప్రభువుల తరపున దక్షిణానికి వచ్చిన నాగమ నాయకుడు మధురను జయించి తానే ఉంచుకోజూశాడనీ, అతని మీదికి అతని కొడుకు విశ్వనాథుడే రాయల పక్షాన వెళ్ళి తండ్రిని బంధించి తెచ్చాడనీ కథ చెబుతారు. కథలో అతిశయం ఎంతున్నా, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మధుర పీఠం ఎక్కాడన్నది చరిత్ర. అతని కుడిభుజం దళవాయి అరియనాథ మొదలియార్. ఆయన తెలుగువాడు కాదు, తమిళుడు. మధుర రాజ్యం మొదటిరోజునుంచే ఒక తెలుగు నాయకుడు, ఒక తమిళ మంత్రి కలిసి కట్టినది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

వారిద్దరూ చేసిన ఏర్పాటే 72 పాళెములు. మధుర కోటకు 72 బురుజులనీ, ఒక్కొక్క బురుజు కాపు ఒక్కొక్క పాళెగాని బాధ్యత అనీ చెబుతారు. పాళెం రాబడిలో మూడోవంతు మధురకు కప్పం, మూడోవంతు సైన్యం పోషణకు, మిగిలిన మూడోవంతు పాళెగానికి. పిలుపు వస్తే సైన్యంతో రావాలి. మామూలు రోజులలో తన సీమలో దొంగల భయం లేకుండా కాచుకోవాలి. తమిళంలో వీరినే పాళయక్కారర్లు అంటారు. మన చుట్టుపక్కల ఉన్న విరూపాక్షి, ఇడయకోట్టై, ఆయక్కుడి ఆ పాళెములలోవే. వారిని అదుపులో ఉంచడానికి దిండిగల్ కొండమీద కోట.

జెరూసలేం సామంతుని కోటకూ మన పాళెగాని కోటకూ పోలిక మీకు కనిపించే ఉంటుంది. తేడా కూడా చెప్పాలి. క్రూసేడువారు మతయుద్ధానికి వచ్చినవారు. మన నాయకులు విజయనగర ప్రభుత్వ ఉద్యోగులుగా వచ్చి, వచ్చినచోట ఉన్న దేవుళ్ళకే గోపురాలు కట్టినవారు. పాళెగాండ్రు అందరూ తెలుగువారు కారు, మరవ దొరలు కూడా ఉన్నారు. అయితే భూమి పంచి, కోటలు పంచి రాజ్యం నిలిపే పద్ధతి రెండుచోట్లా ఒకటే. ఆ పద్ధతిలో ఉన్న బలహీనత కూడా ఒకటే. రాజుకు సైన్యం సామంతులవద్ద ఉంటుంది. వారు కలిసి వస్తే రాజ్యం. కలిసి రాకపోతే సింహాసనం ఒక కుర్చీ మాత్రమే.

ఈ బలహీనత ఎన్ని రూపాలలో బయటపడిందో చూడండి. 1614లో విజయనగర ప్రభువు రెండవ వేంకటపతిరాయలు చనిపోగానే వారసత్వపు తగాదా వచ్చింది. జగ్గరాజు కొత్త రాజును కుటుంబంతో సహా చంపించాడు. రామదేవుడనే పిల్లవాడు మాత్రం తప్పించుకున్నాడు. ఆ పిల్లవాని పక్షాన వెలుగోటి యాచమ నాయకుడు, తంజావూరు రఘునాథ నాయకుడు నిలిచారు. మధుర నాయకుడు ముత్తువీరప్ప జగ్గరాజు పక్షాన చేరాడు. 1616–17 ప్రాంతంలో కావేరీ తీరాన తోపూరువద్ద యుద్ధం జరిగింది. జగ్గరాజు చనిపోయాడు, మధుర పక్షం ఓడింది. రెండు పక్షాలలోనూ తెలుగు నాయకులే ముందు నిలిచారని గమనించండి.

తరువాత వచ్చిన తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. మధుర మహలు, పుదుమండపం, మారియమ్మన్ తెప్పకుళం ఆయన కట్టించినవే. చిత్తిరై తిరునాళ్ళలో మీనాక్షి కల్యాణమూ, అళగర్ వైగై ఏటిలో దిగే ఉత్సవమూ ఒకచోట కలిసింది ఆయన కాలంలోనే అంటారు. కట్టడాలలో ఆయన ఎంత గొప్పవాడో, రాజకీయంలో అంత చిక్కులు తెచ్చుకున్నాడు. విజయనగరానికి కప్పం ఎగవేసి, రాయలు దండెత్తి వస్తాడన్న భయంతో ఉత్తరాది సుల్తానుల సహాయం కోరాడు. వచ్చిన సుల్తానులు రాయలను అణచి అక్కడితో ఆగుతారా? చివరకు మధుర కూడా వారికి డబ్బు కట్టుకోవలసి వచ్చింది. ఇంటి తగవుకు ఊరివాణ్ణి పిలిస్తే ఏమవుతుందో అదే అయింది.

ఆయన చివరి రోజులలో, 1656 ప్రాంతంలో, మైసూరు సైన్యం దండెత్తి వచ్చింది. దొరికినవారి ముక్కులు కోసిన యుద్ధం గనుక దానికి ముక్కుల యుద్ధమని పేరు. తిరుమల నాయకుడు మంచంమీద ఉన్నాడు. అప్పుడు పెద్ద సైన్యంతో వచ్చి మధురను కాపాడినవాడు ఎవరు? రామనాథపురం రఘునాథ సేతుపతి, తమిళ మరవ దొర. రాజ్యం స్థాపించినప్పుడు అరియనాథ మొదలియార్, రాజ్యం కాపాడినప్పుడు సేతుపతి. "మేము ఏలాం" అని అనేవారు ఈ రెండు పేర్లూ పక్కన చేర్చి చెబితే ఆ మాట నిజమవుతుంది.

ఇటువంటి రాజ్యాలకు మరో గండం ఉంది. రాజు చిన్నవయసులో పోతే, వారసుడు పసివాడైతే, పెత్తనం ఎవరిది? ఇక్కడే రెండు దేశాలలోనూ రాణులు వస్తారు.

జెరూసలేం రాజు రెండవ బాల్డ్విన్‌కు కొడుకులు లేరు. పెద్దకూతురు మెలిసెండ్ తల్లి అర్మీనియా దేశస్థురాలు. మెలిసెండ్ తన భర్త ఫుల్క్‌తో కలిసి 1131లో సింహాసనం ఎక్కింది. 1143లో భర్త పోయాడు. కొడుకు మూడవ బాల్డ్విన్‌కు అప్పటికి 13 ఏళ్ళు. ఆమె సమర్థంగా రాజ్యం నడిపింది గాని, కొడుకు పెద్దవాడైనా పెత్తనం విడిచిపెట్టలేదు. 1152లో కొడుకే తల్లిని జెరూసలేం దుర్గంలో ముట్టడించాడు. చివరకు ఆమె నాబ్లూస్ పట్టణానికి తప్పుకుంది.

ఈ కథ వింటూంటే మీకు రాణి మంగమ్మ గుర్తుకు రావడం లేదూ? మంగమ్మ చొక్కనాథ నాయకుని భార్య. కొడుకు రంగకృష్ణ ముత్తువీరప్ప మశూచికంతో చిన్నవయసులోనే పోయాడు. కోడలు మగబిడ్డను కని తానూ కన్ను మూసింది. ఆ పసివాడు విజయరంగ చొక్కనాథుని పేర 1689 నుంచి సుమారు 16 ఏళ్ళు మంగమ్మ రాజ్యం నడిపింది. మొగలు సైన్యాలతో పోరాడి గెలవలేమని గ్రహించి కప్పం కట్టి రాజ్యం కాపాడుకుంది. 1697లో తిరువాన్కూరుమీదికి సైన్యం పంపి బకాయి రాబట్టింది. మతాల విషయంలో పక్షపాతం చూపలేదు. ఆమె పేరు ఈనాటికీ జనం నోట ఉన్నది యుద్ధాలవల్ల కాదు. బాటలవల్ల, బాటల పక్కన చెట్లవల్ల, చత్రాలవల్ల. చత్రమంటే మన సత్రమే. బాటసారికి ఇంత నీడ, ఇన్ని నీళ్ళు, ఒక పూట భోజనం.

ఆమె కూడా మనుమడు పెద్దవాడైనాక పగ్గాలు విడవలేదని కొందరంటారు. పగ్గాలు కావలసినవారు మనుమణ్ణి ఎగదోశారని మరికొందరంటారు. చివరకు 1706 ప్రాంతంలో ఆమెను నిర్బంధించారనీ, ఆకలితో మాడి చనిపోయిందనీ జనశ్రుతి. వేలమందికి అన్నం పెట్టిన చేతికి పిడికెడు అన్నం దక్కలేదన్న మాట. మధురలో ఆమెకు నివాసమైన తముక్కం మహలులోనే 1959 నుంచి గాంధీ మ్యూజియం ఉంది. పిల్లలతో వెళితే రాణి మంగమ్మ పేరు కూడా చెప్పండి.

చివరి అంకానికి వచ్చాం. జెరూసలేంలో నాలుగవ బాల్డ్విన్ అనే రాజకుమారుడు ఉండేవాడు. అతనికి చదువు చెప్పిన గురువు టైర్ నగరపు విలియం. పిల్లలు ఆటలో ఒకరి చేతులు ఒకరు గిచ్చుకుంటే తక్కినవాళ్ళు కేకలు వేసేవారట, ఈ పిల్లవాడు మాత్రం నొప్పి లేనట్టు ఉండేవాడట. మొదట ఓర్పు అనుకున్న గురువు తరువాత అది కుష్ఠురోగమని గ్రహించాడు. 1174లో ఆ పిల్లవాడు రాజైనాడు. రోగంతో కుంగిపోతూ కూడా 1185లో చనిపోయేదాకా రాజ్యం నిలిపాడు. అతని వెనుక గద్దెనెక్కిన పసివాడు కూడా ఏడాదికే పోయాడు. అప్పుడు సామంతులు రెండుగా చీలారు. ఒక పక్షం అక్క సిబిల్లానూ ఆమె భర్త గీనీ గద్దెనెక్కించింది. రెండో పక్షం నాయకుడు ట్రిపోలీ రేమండ్ అలిగి సుల్తాను సలాదీన్‌తోనే ఒప్పందం చేసుకున్నాడు. తరువాత రేమండ్ రాజుతో రాజీపడ్డాడు గాని అప్పటికే ఆలస్యమైంది. 1187 జూలై 4న హత్తీన్‌వద్ద క్రూసేడు సైన్యం నీళ్ళు లేక, ఎండకు మాడి, చుట్టుముట్టుబడి నాశనమైంది. అక్టోబరులో జెరూసలేం సలాదీన్ వశమైంది. మిగిలిన తీరపు కోటలు కూడా ఒకటొకటిగా పోయి, 1291లో అక్కా రేవు పడిపోయింది. వచ్చినవారిలో బతికి బయటపడినవారు పడవలెక్కి సైప్రస్ ద్వీపానికి పోయారు.

మధురలో 1732లో విజయరంగ చొక్కనాథుడు సంతానం లేకుండా చనిపోయాడు. రాణి మీనాక్షి తిరుచిరాపల్లిలో పెత్తనం చేపట్టి, జ్ఞాతి అయిన వంగారు తిరుమల నాయకుని కొడుకును దత్తత తీసుకుంది. వంగారు తిరుమలకు అది చాలలేదు. దళవాయి వేంకటాచార్యుణ్ణి కలుపుకొని రాణిమీద తిరగబడ్డాడు. ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన తగవు ఆర్కాటు నవాబు మనుషులదాకా పోయింది. అతను ఒకరికి డబ్బు ఆశ చూపితే, ఆమె చందా సాహెబుకు కోటి రూపాయలు ఇస్తానని ప్రమాణం చేయించుకుంది. చందా సాహెబు ప్రమాణం తప్పాడు. మన దిండిగల్ సీమలోనే అమ్మయనాయకనూరువద్ద వంగారు పక్షం ఓడింది. 1736లో రాణి మీనాక్షి తన కోటలోనే బందీ అయి విషం తాగి చనిపోయింది. 200 ఏళ్ళ నాయక రాజ్యం అంతటితో ముగిసింది.

శ్రోతలారా, రెండు రాజ్యాలూ దాదాపు ఒకే జబ్బుతో పోయాయి. వారసత్వపు తగవు, సామంతుల చీలిక, బయటివాని పిలుపు. అయితే పోయిన తరువాత జరిగినది మాత్రం ఒకటి కాదు. అక్కడ రాజ్యంతోపాటు ఏలినవారూ పోయారు. ఇక్కడ సింహాసనం పోయింది, మనుషులు పోలేదు. నాయక రాజ్యం పోయి 280 ఏళ్ళు దాటినా ఒట్టన్‌చత్రం చుట్టూ పల్లెలలో ఇంకా పొయ్యి దగ్గర తెలుగు వినిపిస్తోంది. ఎందుచేత?

మొదటి కారణం, వచ్చినవారిలో ఏలినవారు చాలా కొద్దిమంది. సైన్యం వెంట రైతులు వచ్చారు, ఎద్దులు తోలుకొచ్చినవారు వచ్చారు, వ్యాపారులు వచ్చారు, తోలుపని చేసే అరుంధతీయులు వచ్చారు. తరుముకొస్తున్నవారి నుంచి పారిపోతూ ఏటి ఒడ్డుకు చేరితే, రెండు దరుల కానుగ చెట్లు వంగి తమకు వంతెన అయినాయని రాజకంబళం పెద్దలు చెప్పుకునే కథ మీరు వినే ఉంటారు. ఆ కథలో సింహాసనం లేదు చూడండి. దారి వెతుక్కుంటున్న సంసారాలు ఉన్నాయి. ఆ సంసారాలు నల్లరేగడి దున్నాయి, బావులు తవ్వాయి, ఈ నేలలోనే తమ పెద్దలను పూడ్చుకున్నాయి. క్రూసేడు సామంతుల బలం కోటల్లోనూ, సముద్రం దాటి రావలసిన సహాయంలోనూ ఉంది. మనవారి బలం చేలల్లో ఉంది. కోటను ముట్టడించి పట్టుకోవచ్చు. దున్నేవాణ్ణి దున్నే నేలనుంచి విడదీయడం అంత తేలిక కాదు.

రెండవ కారణం, మనవారు ఈ సీమ కష్టసుఖాలను తమవిగా చేసుకున్నారు. 1772లో కాళయార్ కోయిల్‌వద్ద ఇంగ్లీషువారి, నవాబు సైన్యాల చేతిలో శివగంగ రాజు ముత్తువడుగనాథుడు చనిపోయాడు. ఆయన భార్య వేలు నాచ్చియార్ బిడ్డతో పారిపోయి వస్తే, ఆశ్రయమిచ్చిన పాళెగాడు విరూపాక్షి గోపాల నాయకుడు. ఒట్టన్‌చత్రానికి పక్కనే ఉన్న ఊరు అది. దాదాపు 8 ఏళ్ళు ఆమె ఈ సీమలో ఉండి, హైదరాలీ సహాయంతో 1780లో తన రాజ్యం తిరిగి సంపాదించుకుంది. గోపాల నాయకుడు తరువాత మరుదు సోదరులతో కలిసి కుంపిణీవారిమీద తిరగబడి 1801లో ఉరికంబమెక్కాడు. ఒక తెలుగు పాళెగాడు ఒక తమిళ రాణికి అన్నగా నిలిచినప్పుడు "వచ్చినవాడు, ఉన్నవాడు" అన్న లెక్క ఎక్కడ మిగిలింది?

కట్టబొమ్మన సంగతీ అంతే. 1799లో కయత్తారువద్ద ఉరితీయబడిన ఆ వీరుడు రాజకంబళం వాడు, ఇంట తెలుగు మాట్లాడే కులంలో పుట్టినవాడు. ఆయన కథ పాడినది తమిళ జనం. 1959లో ఆయన పేర వచ్చిన తమిళ చిత్రాన్ని మన తాతలు తమిళులతో కలిసి అవే కొట్టాయిలలో కూర్చుని చూశారు. ఆయనను పంచుకోవడానికి ఎవరూ తగవులాడుకోనక్కరలేదు. ఆయన ఇద్దరివాడు.

ఇక మన విద్య సంగతి. మధుర నాయకుల కొలువులో తెలుగు వెలిగింది. విజయరంగ చొక్కనాథుడు స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యం రాశాడు. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాశాడు. తెలుగు వచనం వికసించడంలో ఈ దక్షిణ సీమకు పెద్ద పాలు ఉంది. ఈ సంగతి మన పిల్లలకు తెలియదు. తమిళంలో వారు ఇంపుగా చదువుతారు, చక్కగా రాస్తారు, అది సంతోషమే. ఇంట్లో మాట్లాడే భాషకు లిపి ఉందని, అందులో తమ సీమవారే గ్రంథాలు రాశారని కూడా తెలిస్తే ఆ సంతోషం రెండింతలవుతుంది. తమిళం తగ్గించి తెలుగు పెంచమని నేను అనడం లేదు. ఏ బడిలోనూ రెండు భాషలు వచ్చిన పిల్లవాడు ఒక భాష వచ్చిన పిల్లవానికంటే తక్కువ కాలేదు.

కనుక ఎవరైనా "మీవాళ్ళు ఎప్పుడు వచ్చారు?" అని అడిగితే మన పిల్లలు రొమ్ము విరుచుకోనక్కరలేదు, తల దించుకోనక్కరలేదు. "మా పెద్దలు నాలుగైదు వందల ఏళ్ళ కిందట వచ్చారు. వారిలో కొందరు ఏలారు, ఎక్కువమంది దున్నారు. ఏలినవారు తగవులాడుకుని పోయారు, దున్నినవారు మీతో కలిసి నిలిచారు. మేము వారి పిల్లలం" అని చెప్పమనండి. తెలుగులో అడిగితే తెలుగులో, తమిళంలో అడిగితే తమిళంలో. ఆ జవాబు నేర్పే పని మాత్రం బడికి వదలకండి. రాత్రి అన్నాలు తినేటప్పుడు మంగమ్మ కథ ఒకటి, గోపాల నాయకుని కథ ఒకటి మన మాటలోనే చెప్పండి.